పెద్దల పొలం జ్ఞాపకాలు రికార్డు చేసేవాళ్లకి

అందరికీ నమస్కారం. వ్యవసాయ కుటుంబాల్లో పెరిగిన పెద్దవాళ్ల చిన్ననాటి సంగతులు రికార్డు చేద్దామనుకున్నాం కదా, ఈ వారం మొదలుపెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను.

"అప్పట్లో జీవితం ఎలా ఉండేది?" అని అడగొద్దు. "బాగానే ఉండేది" అని ఊరుకుంటారు. పొద్దున లేవగానే మీ పనేంటి, పశువులకు నీళ్లు ఎవరు పెట్టేవారు, ఏ పనుల రోజుల్లో బడి మానిపించేవారు అని అడగండి. కొడవలి పట్టు మాటల్లో చెప్పలేనివాళ్లు చేత్తో చూపించేస్తారు, అందుకే వీలైతే వీడియో తీయండి. సంవత్సరం గుర్తులేదంటే బలవంతపెట్టొద్దు. కరువుకి ముందా తర్వాతా, ఇంటికి కరెంటు వచ్చాకా అని అడిగితే కాలం తెలిసిపోతుంది. పెద్దవయసులో ఎక్కువగా గుర్తొచ్చేవి సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య సంగతులేనని మనస్తత్వ పరిశోధకులు చెబుతారు. అక్కడ ఎంతసేపైనా ఆగండి.

ఆడవాళ్లతో తప్పకుండా విడిగా మాట్లాడండి. భర్త పక్కనుంటే చాలాసార్లు ఆయనే జవాబు చెప్పేస్తారు. కలుపు తీసినవాళ్లు, విత్తనాలు దాచినవాళ్లు, పసిపిల్లని గట్టున పడుకోబెట్టి పనిచేసినవాళ్లు వీళ్లే. ఈ మాటలు పోతే మళ్లీ దొరకవని నా బాధ.

అప్పులు, పంపకాల గొడవలు, చనిపోయిన బిడ్డల ప్రస్తావన వచ్చి వాళ్లు మౌనమైతే, వెంటనే ఇంకో ప్రశ్న వేయొద్దు. ఆపమంటే ఆపేయండి.

రికార్డింగుకీ, ఇతరులకు వినిపించడానికీ అనుమతి వేరువేరుగా అడగండి. అసలు ఫైలు రెండు చోట్ల దాచాకే ఇక్కడ పెట్టండి.