విత్తనాల పొట్లం సరే, ఎరువు ఎక్కడ?

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇంటింటా కూరగాయల తోట పెంచాలంటూ విత్తనాల పొట్లాలు పంచిన సభ గురించి మీ తిరుపతి పేజీలో వచ్చిన వార్తకు ఎవరైనా స్పందిస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. వేదిక, శాలువాలు, పొట్లాలు చేతబట్టుకున్న పెద్దలు, అన్నీ ఫొటోలో ఉన్నాయి. మట్టి ఎక్కడ దొరుకుతుందో, ఎరువు ఎవరిస్తారో ఆ వార్తలో ఒక్క ముక్క లేదు. ఆ రోజు వేదిక మీద కూడా ఎవరూ చెప్పలేదని వెళ్లివచ్చిన వాళ్లు అన్నారు.

ఆ పొట్లాలు మా వీధిలోనూ పంచారు. విప్పి చూస్తే క్యాబేజీ, క్యారెట్, పాలకూర, కొత్తిమీర. ఎండలు నలభై డిగ్రీలకు చేరే కాలంలో తిరుపతి మిద్దె మీద క్యాబేజీ నారు పోయమని ఏ రైతు చెబుతాడు? కొత్తిమీర ఈ ఎండకు మొలిచినా నాలుగు ఆకులు వేసేలోపే పూతకు వచ్చేస్తుంది. ఇప్పుడు తట్టుకునేవి బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర. క్యాబేజీకీ క్యారెట్‌కూ అక్టోబరు వానలు మొదలై ఎండ తగ్గాలి. ఈ ఊళ్లో 1961 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడ ఎవరినడిగినా ఈ మాట చెప్పేవారు. మార్గశిరం వచ్చిందంటే, నానబెట్టిన అనపగింజల తొక్క తీసి చేసే పితికిన పప్పు వండని ఇల్లు మన వైపు అరుదు. అయినా ఆ పొట్లంలో గుప్పెడు అనపగింజలు లేవు. సిర్రాకు అనే మన ఆకుకూరా లేదు. ఎక్కడో ఎవరి కోసమో కట్టిన పొట్లాలు తెచ్చి మనకు పంచారని చూడగానే తెలుస్తోంది.

విత్తనం సంగతి అలా ఉంచండి, దానికి పది రూపాయలు పెడితే దొరుకుతుంది. అసలు కష్టం ఎరువు. పొలంలో వేరు తనకు కావలసింది తవ్వుకుని వెతుక్కుంటుంది. కుండీలో మొక్కకు మనం వేసిందే తిండి. ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపి, గుప్పెడు వేపపిండి వేస్తేనే వంగ అయినా టమాటా అయినా నిలబడి కాస్తుంది. ఒట్టి ఎర్రమట్టి నింపితే రెండు తడులకే గట్టిపడిపోతుంది. నీళ్లు పైనే నిలుస్తాయి, స్లాబు మీద బరువు కూడా ఎక్కువ. నర్సరీలో కొన్న ఎరువు బస్తాను మొన్న నేను జల్లెడ పట్టాను. షాంపూ ప్యాకెట్ల ముక్కలు, పాల కవరు కొసలు, గాజు పెంకు, ఒక విరిగిన బ్లేడు వచ్చాయి. పిల్లలు చేతులు పెట్టి ఆడుకునే మట్టి అది. దాంట్లోనేనా పుదీనా నాటుకోవలసింది?

ఆ ఎరువుకు కావలసిన సరుకు రోజూ మన వంటింట్లోంచే పోతోంది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వాలని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. మేము చేస్తున్నాం. బీర తొక్కలు, అరటి తొక్కలు, తోటకూర కాడలు ఆకుపచ్చ బుట్టలో, కవర్లు, అట్టముక్కలు నీలం బుట్టలో వేసి గుమ్మం ముందు పెడుతున్నాం. బండి వస్తుంది. రెండు బుట్టలూ ఒకే తొట్టిలో బోర్లిస్తారు. కళ్ల ముందే ఆ తొక్కల మీద పిల్లల డైపర్లు, పగిలిన సీసాలు పడతాయి. ఆ పని చేసే మనుషులను నేను తప్పుపట్టను. వాళ్లకిచ్చిన బండిలో అడ్డుగోడ లేదు. అడిగితే పైవాళ్లను అడగమంటారు. పైవాళ్లు దొరకరు.

ఈ ఊరికి చేతకాని పని కూడా కాదిది. ఆలయాల్లో వాడిన పూలతో అగరబత్తులు తయారు చేయడం టీటీడీ 2021లో మొదలుపెట్టింది. ఏడు రకాల సువాసనలతో భక్తులు కొనుక్కుని వెళుతున్నారు. గుడిలో వాడిన పూలు అంత మర్యాదగా మళ్లీ మన ఇళ్లకు వస్తుంటే, అదే ఊళ్లో వంకాయ తొడిమలు డంపింగ్ యార్డులో పొగ కావలసిన పనేమిటి?

ఇంట్లోనే చేసుకోండి అని సలహా ఇచ్చేవారికి ఒక మాట. చేస్తున్నాను. అడుగున చిల్లులు పెట్టిన డ్రమ్ములో తొక్కల మీద ఎండుటాకులు వరసలుగా వేసి, వారానికోసారి కలియబెడితే రెండు మూడు నెలలకు నల్లని ఎరువు దిగుతుంది. కానీ ఒక ఇంటి తొక్కలు మాగి కుంగిపోయాక మిగిలేది కొంచెమే, పదిహేను కుండీలకు అది చాలదు. ఫ్లాట్లలో ఉన్నవారికి డ్రమ్ము పెట్టుకునే చోటే ఉండదు. మిద్దె మీద కుండీ కనిపిస్తేనే స్లాబు కారుతుందని గొడవకు వచ్చే సంఘాలున్నాయి. కొండ దగ్గరి వీధుల్లో కోతుల బెడద వేరే. కల్యాణి డ్యామ్ నీళ్లు, తెలుగుగంగ నీళ్లు వంతులవారీగా వచ్చే ఊళ్లో, బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా దాచి మొక్కలకు పోస్తున్నాం.

2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 రూపాయల దాకా వెళ్లిన రోజులు అందరికీ గుర్తే. అదే మార్కెట్లో గిట్టుబాటు కాక రైతులు రోడ్డు పక్కన పారబోసి వెళ్లిన రోజులూ చూశాం. మిద్దె మీద నాలుగు చెట్లు కాస్తే రైతు కష్టం తీరుతుందని నేను అనడం లేదు. రోజూ పప్పులోకి గుప్పెడు ఆకు, రసంలోకి రెండు టమాటాలు, జలుబు చేసిన పిల్లకు వాము ఆకు కోసుకోగలిగితే ఆ ఇంటికి ఎంత ధైర్యం! ఎదిగే పిల్లలకు ఆకుకూర తినిపించాలని చెప్పని డాక్టరు లేరు. ఇంత మంచి పనిని ప్రారంభోత్సవంతోనే ముగించేస్తారు. చెట్లు నాటే కార్యక్రమాలూ అంతే. కంచెలు మిగిలాయి, చెట్లు లేవు. నాటినవాడు మళ్లీ వచ్చి నీళ్లు పోశాడా అని అడిగే అధికారి ఈ జిల్లాలో ఒక్కరైనా ఉన్నారా?

మాకు ఉచితం ఏదీ అక్కర్లేదు. చెత్త బండిలో ఒక అడ్డుగోడ పెట్టించండి. హోటళ్ల నుంచి, కూరగాయల మార్కెట్ నుంచి వచ్చే తడి చెత్తనైనా వేరుగా తీసి మాగబెట్టించండి. వార్డుకు ఒక చోట, జల్లెడ పట్టిన ఎరువును బస్తా మీద ధర రాసి అమ్మండి. వ్యవసాయ కళాశాల విద్యార్థులను నెలకోసారి వార్డులకు పంపి, ఏ నెలలో ఏ విత్తనం వేయాలో చెప్పించండి. ఇదంతా ఈ అక్టోబరు వానలకు ముందే కావాలి. అప్పటికి ఎరువు దొరక్కపోతే మాకు ఇంకో ఏడాది పోయినట్టే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరుపతి