ఆదివారం సావన్‌దుర్గ వాక్, మట్టి గురించి
అందరికీ నమస్తే అండి, ఆదివారం బెంగళూరు దగ్గర సావన్‌దుర్గ కొండకి వస్తున్నవాళ్ళు ఇది ఒక్కసారి చదవండి ప్లీజ్. పోయినసారి ఒకరు అడిగారు కదా, ఒకటే అడవి, మరి పైన మట్టి ఎర్రగా గరుగ్గా, కింద వాగు పక్కన నల్లగా మెత్తగా ఎందుకుందని. అప్పట్నుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది.

ఇలాంటి పొడి అడవుల్లో ఎండాకాలానికి ఆకులు రాలిపోతాయి, తడి లేక త్వరగా కుళ్ళవు, అలాగే పడుంటాయి, తీరా వాన గట్టిగా పడితే వాలు మీదున్న ఆకూ పైమట్టీ కలిసి కొట్టుకుపోయి పల్లంలో పేరుకుంటాయి, అక్కడ మట్టి లోతు ఎక్కువ, బంకమన్ను ఎక్కువ, తడి కూడా ఎక్కువ రోజులుంటుంది, అందుకే సేంద్రియ పదార్థం (అంటే ఆకులు అవీ కుళ్ళి మట్టిలో కలిసింది, ఆ నలుపు దాంతోనే) ఆ బంక రేణువులకి అంటుకుని నిలుస్తుంది. పైన బండ మీద మట్టి బెత్తెడే. ఇంకోటి నిప్పు, అది వాలు ఎక్కేటప్పుడు మరీ స్పీడుగా పాకి ఆకుచెత్తంతా కాల్చేస్తుంది.

కానీ పైనంతా సేంద్రియ పదార్థం తక్కువే అనుకోకండి, బండల మధ్య గుంటల్లో నల్లమట్టి ఎంత బాగుంటుందో, నాకైతే అదే భలే ఇష్టం! తమిళనాడు ముదుమలై అడవిలో ఐఐఎస్సీ (బెంగళూరు సైన్స్ పరిశోధన సంస్థ) వాళ్ళు చెట్లని గమనించడానికి 1988లో మొదలుపెట్టిన 50 హెక్టార్ల ప్లాట్‌లో కూడా ఎత్తుపల్లాలున్నాయి, ఒక్క పిడికెడు మట్టి చూసి మొత్తం అడవి గురించి చెప్పలేం.

కుండీల కోసం మట్టి మాత్రం తేవద్దండి, ముట్టుకుని వాసన చూసి అక్కడే వేసేద్దాం. పొద్దున్నే 5:30కి మాగడి రోడ్ దగ్గర కలుద్దాం, వాటర్ బాటిల్ మర్చిపోకండి.