ఇంట్లో ఎవరూ లేరట!

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ పత్రికలో ఆన్‌లైన్ కొనుగోళ్ల మీద వచ్చిన కథనం చదివాను. అప్పుడే రాద్దామనుకుంటే, కోపం చల్లారాక రాయమని మా ఆవిడ ఆపింది. అయిదు రోజులైంది, చల్లారలేదు.

అన్నీ గుమ్మంలోకే వచ్చేస్తున్నాయని రాశారు. అదృష్టవంతులు. మొన్న నేను పొద్దుటి నుంచి వీధి తలుపు బార్లా తీసి, కుర్చీ వేసుకుని గుమ్మంలోనే కూర్చున్నాను. రెండుంబావుకి ఫోన్‌లో మెసేజ్: 'డెలివరీకి వచ్చాం, కస్టమర్ అందుబాటులో లేరు.' తలెత్తి చూస్తే వీధిలో పురుగు లేదు. మర్నాడూ అదే వరస. మూడో రోజు పార్సిల్ అమ్మినవాడి దగ్గరికే వెళ్లిపోయింది. అందులో ఉన్నది కాలింగ్ బెల్.

కుర్రాళ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. చాలాచోట్ల పార్సిల్‌కి ఇంత అని లెక్కగట్టి ఇస్తారు, గుమ్మం ముందు ఆగిన ప్రతి నిమిషం వాళ్లకు నష్టమే. ఒకతను ఫోన్ చేసి 'ఓటీపీ చెప్పేయండి అంకుల్, సాయంత్రం తెచ్చిచ్చేస్తా' అన్నాడు. చెబితే సరుకు రాకుండానే అందినట్టు రాసేసుకుంటారు. ఆ తర్వాత ఎవరితో మొత్తుకోవాలి?

పోనీ మనమే వెళ్లి తెచ్చుకుంటామంటే చాలాసార్లు ఆ వీలు ఉండదు. జర్మనీలో 2001లోనే ప్యాక్‌స్టేషన్ పేరుతో పార్సిళ్లు తీసుకునే లాకర్లు పెట్టారు. కోడ్ కొడితే అర తెరుచుకుంటుంది, అర్ధరాత్రయినా తీసుకోవచ్చు, వద్దనుకున్నది అక్కడే వేసి తిప్పి పంపొచ్చు. ఇంటింటికీ తిరిగే బదులు ఒక్కచోట నలభై దించేస్తే కంపెనీకీ డీజిల్ మిగులుతుంది. లాకరు కుదరకపోతే పొద్దుపోయేదాకా తీసి ఉండే ఏదో ఒక దుకాణంలో పెట్టొచ్చు కదా? ఇంటికి కావాలా, లాకరుకా, దుకాణానికా అని ఆర్డరు పెట్టేటప్పుడే అడిగితే ఏం పోయింది?

కొనేవాళ్ల గోల ఇలా ఉంటే, అమ్మే చిన్నవాళ్లది ఇంకో బాధ. మా చెల్లెలు గుడ్డబొమ్మలు కుట్టి అమ్ముతుంది. పెట్టె కిలో కూడా తూగదు. కానీ కొరియర్‌వాళ్లు తూకం వదిలేసి పెట్టె సైజు చూస్తారు: పొడవు 40, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు హెచ్చవేసి 5000తో భాగిస్తారు. 7.2 కిలోల బరువని లెక్క! దూదికి ఇనుము రేటన్నమాట. కొన్నవాళ్లు తీసుకోకపోతే రానూ పోనూ ఖర్చు తనదే. పికప్‌కి రాకుండానే 'పార్సిల్ సిద్ధంగా లేదు' అని మెసేజ్ పెట్టడం ఇక్కడా మామూలే. పెద్ద వ్యాపారులకు వ్యాన్ వెళ్తుంది. తను మాత్రం పెట్టె చంకన పెట్టుకుని కొరియర్ ఆఫీసు మూసేలోపు పరుగెత్తాలి.

ఫిర్యాదు చేస్తే గంటలో 'మీ సమస్య పరిష్కరించాం, ఎన్ని స్టార్లు ఇస్తారు?' అని వస్తుంది. వినియోగదారుడే దేవుడని వేదికల మీద చెప్పే అధికారులు ఈ ఫిర్యాదుల నంబర్లకు ఒక్కసారైనా ఫోన్ చేసి చూశారా? ఇంటి నంబరు తప్పు రాసినా పేరు చూసి ఉత్తరం తెచ్చిచ్చిన పోస్ట్‌మ్యాన్‌కి ఏ యాప్ ఉండేది?

ఆ కథనం రాసిన విలేకరిని ఈసారి నా పార్సిల్ వచ్చే రోజున మా ఇంటికి పంపండి. గుమ్మంలో ఇంకో కుర్చీ వేస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు