పదిమందిని కలిపి పాడించే విద్యకూ చోటివ్వండి

మన సంగీత శిక్షణ ఒంటరి కచేరీ చుట్టూనే తిరుగుతోంది; పదిమందిని కలిపి పాడించే విద్యను పట్టించుకునేవారు లేరు. పుష్య బహుళ పంచమికి ఊరూరా జరిగే త్యాగరాజ ఆరాధనల్లో ఈ లోటు చెవిన పడుతూనే ఉంది. మగవారు ఒకటి, ఒకటిన్నర శ్రుతికి (పాటకు ఆధారమైన స్వరస్థాయికి), ఆడవారు ఐదు, ఐదున్నరకు అలవాటుపడి వస్తారు; ఏ శ్రుతికి పాడాలో వేదిక మీద కూర్చున్నాకే తేలుతుంది. మైకులన్నీ ముందు వరుస విద్వాంసుల దగ్గరే. అందరూ కలిసి పాడే త్యాగరాజ పంచరత్న కృతులు ఐదింటిలో, ఆరభి రాగ కృతిలో చరణం ముగించి మళ్లీ ఎత్తుకునే చోట వెనక వరుసలు తాళం తప్పుతాయి. వరాళి రాగ కృతి వచ్చేసరికి సగం గొంతులు ఆగిపోతాయి (ఆ రాగాన్ని గురువు ముఖతః నేర్పరాదన్న నమ్మకమూ ఇందుకు కొంత కారణం). తక్కినచోట్ల పాట రాక కాదు, నడిపేవారు లేకనే ఈ అవస్థ. బాలమురళీకృష్ణ అంతటి గాయకుడు కచేరీలతో పాటు విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు, ఆకాశవాణి భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజనికీ పాటుపడ్డారు. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసులో యువతీయువకుల బృందగానానికి జీవితం ధారపోశారు. ఇప్పటి పిల్లలకు మాత్రం కచేరీ అవకాశం రాకపోతే ఇంట్లో ట్యూషన్లే గతి. ప్రభుత్వ సంగీత కళాశాలల డిప్లొమా చివరి ఏడాదిలో బృందగాన నిర్వహణను ప్రాక్టికల్ పరీక్షగా పెట్టాలి. ఆకాశవాణిలో బృందగానం చేసి రిటైరైన కళాకారులను అతిథి అధ్యాపకులుగా పిలవాలి. ఆరాధన నిర్వాహకులు నెల ముందే శ్రుతి ప్రకటించి, ఒక్కరికి నాయకత్వం అప్పగించి, వారం వారం సాధన చేయించాలి.

– ఒక సంగీత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం