ఇంకొక్క లైను వేయండి

సంపాదకులకు నమస్కారం.

కొరియన్ సీరియళ్ళ మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. అందగాళ్ళు, మంచు, గొడుగులు, మన ఆడపిల్లలు తెల్లవార్లూ మేలుకుని చూసేయడం, ఇదే రాశారు. అలాంటివి ఉన్నాయి, కాదనను, నేనూ చూస్తాను. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు, అందుకే ఈ ఉత్తరం.

'రొమాన్స్ ఈజ్ ఎ బోనస్ బుక్' అని 2019లో వచ్చింది, నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, 16 ఎపిసోడ్లు. పేరు చూసి వదిలేయకండి. కథంతా ఒక పుస్తక ప్రచురణ సంస్థలో నడుస్తుంది. హీరోయిన్ కాంగ్ దానీకి 37 ఏళ్ళు, విడాకులైంది, కూతురుంది. ఒకప్పుడు యాడ్ కంపెనీలో కాపీరైటర్. పెళ్ళి, పిల్ల, మధ్యలో ఏళ్ళు గడిచిపోయాయి, ఇప్పుడు ఎక్కడికి ఇంటర్వ్యూకి వెళ్ళినా ఆ ఖాళీ ఏళ్ళ గురించే అడుగుతారు. చివరికి ఆవిడ చేసిన పని చూడండి, డిగ్రీ ఉందన్న సంగతి దాచేసి, హైస్కూల్ వరకే చదివానని చెప్పి చిల్లర పనుల ఉద్యోగంలో చేరుతుంది. లేని డిగ్రీ ఉందని చెప్పేవాళ్ళని చాలామందిని చూశాం గానీ ఉన్నదాన్ని దాచుకోవాల్సి రావడం ఎంత అన్యాయమో, పిల్లల కోసం ఉద్యోగం మానేసి మళ్ళీ వెతుక్కున్న ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. ఆ పాత్ర వేసిన లీ నా యంగ్ కూడా పెళ్ళి, బిడ్డ అయ్యాక చాలా ఏళ్ళకి టీవీకి తిరిగొచ్చింది ఈ సీరియల్‌తోనే.

హీరో చా ఉన్ హో అదే సంస్థలో చీఫ్ ఎడిటర్, ఆమె కన్నా చిన్నవాడు. చిన్నప్పుడు తనని కాపాడబోయి యాక్సిడెంట్‌లో దెబ్బలు తగిలించుకుని ఆమె ఆస్పత్రిలో పడుంటే చదువుకోవడానికి పుస్తకాలు తెచ్చిచ్చేవాడు, అలా మొదలైంది వాళ్ళ స్నేహం. ఆ ప్రేమ సంగతి మీరే చూసుకోండి, బాగానే ఉంటుంది. ఒక పెద్ద రచయిత ఏమైపోయాడన్న మిస్టరీ ఒకటి పెట్టి చివర్లో సాగదీశారు, అక్కడ నేను కొంచెం ముందుకు జరిపేశాను.

నన్ను కూర్చోబెట్టింది మాత్రం ఆఫీసు. నేను ఇంట్లో ఉండి ప్రూఫులు దిద్దుతాను, ఫారానికి, అంటే ఒక్కసారి అచ్చయ్యే పేజీల కట్టకి, ఇంత అని ఇస్తారు. అందుకే వాళ్ళు ముఖచిత్రం గురించి కొట్టుకోవడం, అట్ట వెనక రాసే నాలుగు వాక్యాల కోసం మీటింగ్ పెట్టుకోవడం, రచయిత రాతప్రతిని ఎడిటర్ ఎర్ర పెన్నుతో పట్టుకోవడం చూస్తుంటే సొంతవాళ్ళ ఇంటికి వెళ్ళినట్టే ఉంది. అమ్ముడుపోక తిరిగొచ్చిన పుస్తకాలని మిషన్లో వేసి ముక్కలు చేసే సీను ఒకటుంది. ప్రేమకథలో ఎవరైనా అలాంటిది పెడతారా చెప్పండి. అందంగా చూపించిన మాట నిజమే, ఆ ఆఫీసు కాఫీ షాపులా ఉంటుంది, మన డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంట్‌లో ఉన్న మేటర్‌ని ఫోన్లలో, నెట్‌లో కనబడే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులన్నీ ఎగిరిపోయి రాత్రి పన్నెండింటికి ఏడ్చే ఖర్మ వాళ్ళకెవరికీ లేదు.

అయినా వాళ్ళది నిజంగానే పెద్ద లోకం. సియోల్‌కి దగ్గర్లో పాజూ అనే చోట పుస్తకాల కోసమే ఒక పేట కట్టుకున్నారు, ప్రచురణ సంస్థలు, ప్రెస్సులు, బైండింగ్ వాళ్ళు అంతా పక్కపక్కనే. కొరియాలో అచ్చయ్యే పుస్తకాల్లో ప్రచురణ వివరాల పేజీ తీస్తే ఎడిటింగ్ ఫలానా, డిజైన్ ఫలానా, మార్కెటింగ్ ఫలానా అని పేర్లుంటాయి. మన దగ్గర బాపు బొమ్మో, చంద్ర బొమ్మో, మోహన్ బొమ్మో అయితే అట్ట చూడగానే గుర్తుపడతాం, అంతవరకు సంతోషమే. మరి లోపల? చాలా తెలుగు పుస్తకాలకి అసలు ఎడిటరే ఉండడు, రచయితే డబ్బు పెట్టి, డీటీపీ వాళ్ళ వెంటపడి, ప్రూఫులు ఏ స్నేహితుడి చేతో చూపించుకుని, కట్టలు ఇంట్లో మంచం కింద పెట్టుకుంటాడు. ఎడిటర్ ఉన్నచోట కూడా ఆ పేరు కనబడదు, ముందుమాట చివర 'సహకరించిన మిత్రులకు' అన్న మాటలో కలిసిపోతుంది. ఒకసారి నేను మూడు సార్లు దిద్దిన పుస్తకం చేతికొచ్చాక ధన్యవాదాల పేజీ వెతుక్కున్నాను. టీ ఇచ్చినాయన పేరు కూడా ఉంది (ఆయన మంచివాడు, ఉండాల్సిందే).

మీ దగ్గర ఒక చిన్న పని అవుతుందని రాస్తున్నాను. పుస్తక సమీక్ష కింద పేజీలు, వెల, ప్రతులకు ఫోన్ నంబరు వేస్తారు కదా, అక్కడే ఇంకొక్క లైను వేయండి, ఎడిటింగ్ ఎవరు, ప్రూఫులు ఎవరు, ముఖచిత్రం ఎవరు అని. ప్రచురణకర్తలు పంపరని అంటారేమో, నాలుగు వారాలు అడిగి చూడండి, సమీక్ష పడుతుందంటే ఎందుకు పంపరు? చోటు చాలకపోతే పేజీల సంఖ్య తీసేయండి, అది చూసి ఎవరూ పుస్తకం కొనరు.

ఇట్లు,
ఒక ప్రూఫ్ రీడర్, విజయవాడ