కుట్టు పిండి ధర ఎందుకు పెరిగింది, ఇకమీదట ఎలా అమ్ముతాం

కుట్టు పిండి ఈ నెల నుంచి కిలో 280 రూపాయలు. మొన్నటిదాకా 240 ఉండేది. కౌంటర్ దగ్గర అడిగినవాళ్లకి ఒక ముక్క, వాట్సాప్‌లో అడిగినవాళ్లకి ఇంకో ముక్క చెబుతూ వస్తున్నాను. ఎవరికీ మొత్తం సంగతి తెలియడం లేదు. అందుకే అంతా ఒకేచోట రాస్తున్నాను. ధరతో పాటు అమ్మే పద్ధతి కూడా మారుతోంది కాబట్టి చివరిదాకా చదవండి.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. ఆన్‌లైన్‌లో బక్‌వీట్ అని కనిపించేది ఈ కుట్టే. గోధుమతో దీనికి చుట్టరికం లేదు. మన చుక్కకూర ఉందే, ఆ కుటుంబానికి చెందిన మొక్క గింజ ఇది. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ ఇందులో ఉండదు కాబట్టి, అది పడని సీలియాక్ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు మా దగ్గర కొంటారు. ధాన్యం కిందికి రాదు కాబట్టి నవరాత్రి ఉపవాసాలకి హైదరాబాద్‌లోని మార్వాడీ, గుజరాతీ, యూపీ కుటుంబాలు కొంటాయి. ఈమధ్య షుగర్ ఉన్నవాళ్లు దోసెల్లోకి, రొట్టెల్లోకి అడుగుతున్నారు. మొత్తం కలిపినా రాగి పిండితో పోలిస్తే ఇది చిన్న అమ్మకమే. ధర నిలకడగా ఉండకపోవడానికి అది కూడా ఒక కారణం.

"రాగి పిండి ధర ఏడాదంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కదా, దీనికి మాత్రం ఎందుకిలా?" అని ఒక అక్క నిలదీసి అడిగారు. న్యాయమైన ప్రశ్న. రాగులకి కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటిస్తుంది. 2024-25లో క్వింటాలు 4,290 రూపాయలు, 2025-26లో 4,886. జొన్నలకీ సజ్జలకీ కూడా ఉంది. ఆ అంకె చూసుకుని రైతు ఎంత వేయాలో, వ్యాపారి ఎంతకి కొనాలో, నాలాంటివాళ్లు ఎంతకి అమ్మాలో ఒక అంచనాకి వస్తారు. కుట్టుకి మద్దతు ధర లేదు. అది పండే కొండల్లో ఆ ఏడాది ఎవరెంత వేశారో, వేసినదాంట్లో ఎంత చేతికొచ్చిందో, ఢిల్లీలో టోకు వ్యాపారులు ఎంత నిల్వ పెట్టుకున్నారో, వీటిని బట్టే రేటు తేలుతుంది.

మన దేశంలో కుట్టు ఎక్కువగా హిమాలయాల వెంట పండుతుంది. హిమాచల్‌లో కిన్నౌర్, చంబా, లాహౌల్. ఉత్తరాఖండ్‌లో గఢ్వాల్, కుమావూ. తూర్పున సిక్కిం, అరుణాచల్. కిన్నౌర్ సంగతి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే అసలు కొరత అక్కడ కనిపిస్తుంది. అక్కడ దీంట్లో రెండు రకాలున్నాయి. తియ్యటి రకాన్ని ఓగ్లా అంటారు, చేదు రకాన్ని ఫాఫ్రా అంటారు. ఒకప్పుడు బార్లీ కోయగానే అదే చేలో ఓగ్లా రెండో పంటగా వేసుకునేవారు. రెండున్నర, మూడు నెలల్లో చేతికొస్తుంది, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, మంచు పడేలోపు కోసుకోవచ్చు. తర్వాత ఆపిల్ వచ్చింది. ఆపిల్ తోట ఒకసారి కాపుకొస్తే ఏటా వచ్చే డబ్బు ముందు ఓగ్లా ఎక్కడా ఆగదు. చేలు తోటలయ్యాయి. రాజ్మా కూడా కొంత భూమి తీసుకుంది. ఇందులో రైతుని తప్పుపట్టడానికి ఏమీ లేదు. గిట్టుబాటు ధర ఇవ్వకుండా సంప్రదాయ పంట నిలబెట్టమని ఎవరినీ అడగలేం.

పండించడంలో ఉన్న కష్టం కూడా చూడండి. తియ్యటి కుట్టు మొక్కలు రెండు తీరులు. కొన్నిటి పూలలో కీలం (ఆడ భాగం) పొడుగు, కేసరాలు (పుప్పొడి ఉండే మగ భాగం) పొట్టి. మిగతావాటిలో దీనికి తలకిందులు. ఒక తీరు పువ్వు పుప్పొడి రెండో తీరు పువ్వుకి చేరితేనే గింజ కడుతుంది. ఆ పని తేనెటీగలు చెయ్యాలి. పూత సమయంలో వాన పట్టుకున్నా, ఎండ ముదిరినా అంతే. చేనంతా తెల్లగా విరగబూసినా పువ్వుల్లో చాలా భాగం తాలుపోతాయి. పైగా అన్నీ ఒకేసారి పండవు. కింది కొమ్మల గింజ నల్లబడి రాలుతుంటే పైన ఇంకా పువ్వులు ఉంటాయి. తొందరపడి కోస్తే పచ్చి గింజ, ఆగితే నేలపాలు. అరకులో పండించకూడదా అని చాలామంది అడుగుతారు. చల్లదనం ఒక్కటే చాలదు. పక్కనే పొట్టు తీసే మిల్లు ఉండాలి, ఏటా తప్పకుండా కొనేవాడు ఉండాలి. ఆ రెండూ లేకుండా అక్కడి రైతుని సామలూ రాగులూ మానేసి ఇది వేయమని అడగడం నాకు ఇష్టం లేదు.

మా సరుకులో ఎక్కువ భాగం హిమాలయాల నుంచి రాదు. ఛత్తీస్‌గఢ్‌లో సర్గుజా జిల్లా మైన్‌పాట్ నుంచి వస్తుంది. వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి అది. 1960లలో టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులకి అక్కడ చోటు ఇచ్చారు. ఈ పంట వాళ్లతో వచ్చింది. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల రైతులు కూడా వేస్తున్నారు, అక్కడ దీన్ని టావ్ అంటారు. వానాకాలం చివర్లో విత్తి చలికాలం మొదట్లో కోస్తారు. రాయ్‌పూర్ మీదుగా లారీలో మనకి చేరుతుంది. కిన్నౌర్ సరుకైతే కొండచరియలు విరిగిపడే రోడ్లు దాటి ఢిల్లీ చేరి, అక్కడ చేతులు మారి మన దగ్గరికి రావాలి. దూరంలోనూ ఖర్చులోనూ మైన్‌పాట్ మనకి మేలు. కానీ మైన్‌పాట్ గింజ కోసం ఢిల్లీ వ్యాపారులు కూడా వస్తారు. వాళ్లు టోకున ఎత్తేస్తే మా వంతుకి మిగిలేదానికి వాళ్ల రేటే మేమూ కట్టాలి. ఈసారి జరిగింది అదే.

ఇక నవరాత్రులు. కుట్టుకి ఏడాదిలో రెండు పెద్ద గిరాకీలు: ఉగాదితో మొదలయ్యే చైత్ర నవరాత్రులు, దసరా నవరాత్రులు. మధ్యలో ఏకాదశులు, శివరాత్రి ఉన్నా అవి చిన్నవి. ఇప్పుడు పంట క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. హిమాలయాల్లో కోత సెప్టెంబర్, అక్టోబర్‌లో. మైన్‌పాట్‌లో ఇంకా ఆలస్యం. అంటే దసరాకి మార్కెట్లో ఉండేది చాలావరకు పోయిన ఏడాది గింజ. ఎండాకాలం, వానాకాలం రెండూ గోడౌన్‌లో గడిపిన సరుకు. గింజగా ఉంటే పర్వాలేదు, పొట్టు కాపాడుతుంది. పిండిగా ఉంటే మాత్రం ప్రమాదం. కుట్టులో నూనె ఉంటుంది, పిండి పట్టాక అది త్వరగా చెడిపోతుంది. తేమ తగిలితే బూజు పడుతుంది. చైత్రంలో అమ్ముడుపోని పిండి దసరాకి బయటికి తీస్తే ఏమవుతుందో ఉత్తరాదిలో చాలాసార్లు చూశారు. 2011 ఏప్రిల్‌లో నవరాత్రుల సమయంలో ఢిల్లీలో కుట్టు పిండి తిని వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ తర్వాత కూడా అలాంటి వార్తలు వస్తూనే ఉన్నాయి. రోజంతా ఉపవాసం ఉండి, కడుపులో ఏమీ లేనప్పుడు మొదట తినేది ఇదే. దాంట్లో పాత పిండి కలపడం నేను క్షమించలేను. పండగ వారంలో చవగ్గా దొరికే కుట్టు పిండిని దయచేసి అనుమానించండి.

"ఆన్‌లైన్‌లో రష్యా బక్‌వీట్ తక్కువకే వస్తోంది, అది తెచ్చి అమ్మొచ్చు కదా?" ఇది ఇంకో ప్రశ్న. ప్రపంచంలో కుట్టు పండించడంలో మొదటి స్థానం రష్యాది, సుమారు సగం అక్కడే పండుతుంది. అందులో పెద్ద వాటా సైబీరియా దక్షిణాన ఉన్న ఆల్టాయ్ ప్రాంతానిది. తర్వాత చైనా. రష్యాలో ఇది మనకి అన్నం లాంటి తిండి. అక్కడి ధరల చరిత్ర చూస్తే నాకు మన ఉల్లిపాయ, టమాటా రైతులు గుర్తొస్తారు. 2010లో కరువొచ్చి పంట దెబ్బతింది, అంగళ్లలో ధర రెండు మూడు రెట్లయింది, జనం బస్తాలకి బస్తాలు కొని దాచుకున్నారు. 2017లో పంట 15 లక్షల టన్నులు దాటింది, ధర పడిపోయింది, రైతులు వేయడం మానేశారు. 2019కి పంట 8 లక్షల టన్నుల లోపుకి దిగింది. మళ్లీ ధర ఎక్కింది. 2021 జూన్ 5 నుంచి ఆగస్ట్ చివరిదాకా ప్రభుత్వం ఎగుమతే ఆపేసింది. ధర బాగుందని మళ్లీ అందరూ వేస్తే 2022లో పంట 12 లక్షల టన్నులు దాటింది. అదే ఏడాది ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక, మార్చిలో యుక్రెయిన్ కూడా కుట్టు ఎగుమతి నిషేధించింది. కుట్టు పిండితో చేసే సోబా నూడుల్స్ తినే జపాన్ తనకి కావాల్సినదాంట్లో ఎక్కువ భాగం బయటినుంచే కొంటుంది కాబట్టి ఈ ఒడుదొడుకులన్నీ దానికీ తగులుతాయి.

ఇంత ఊగే మార్కెట్ మీద మన షాపుని ఆధారపెట్టడం నాకు ఇష్టం లేదు. ఈ ఏడాది చవగ్గా వచ్చిందని తెచ్చి మీకు అలవాటు చేస్తే, వచ్చే ఏడాది ఓడ రాకపోయినా, రేటు రెట్టింపైనా నేను చేతులెత్తేయాలి. ఈలోగా మైన్‌పాట్ రైతు నన్ను నమ్మి వేసింది కొనేవాడు ఉండడు. ఇంకో విషయం, రష్యా సరుకులో చాలావరకు వేయించిన గోధుమ రంగు గింజ. ఉప్మాకి, పులావ్‌కి బాగుంటుంది. ఉపవాసం పూరీల పిండికి పచ్చి గింజే కావాలి.

280లో ఏముందో కూడా చెప్పాలి. మా దగ్గరికి వచ్చేది పొట్టుతో ఉన్న గింజ. మూడు పలకల నల్లటి గింజ అది, అంచులు వేలికి గట్టిగా తగులుతాయి. రాళ్లు, మట్టి, తాలు ఏరేశాక పొట్టు తీయాలి. బరువులో ఇంచుమించు ఐదో వంతు నుంచి పావు వంతు పొట్టే. నూరు కిలోలు కొంటే అమ్మకానికి మిగిలేది డెబ్బై, డెబ్బై ఐదు. అంటే గింజ ధర కిలోకి పది పెరిగితే పిండికి పది పెంచితే సరిపోదు. దానికి తోడు లారీ కిరాయి, మర కరెంటు, ప్యాక్ చేసి లేబుల్ వేసిన పిండి మీద 2022 జులై 18 నుంచి ఉన్న 5 శాతం జీఎస్టీ. గోధుమ ఆడించే మరలో దీన్ని ఆడించకూడదు, ఆ దుమ్ము చాలు సీలియాక్ పిల్లలకి కడుపు చెడటానికి. అందుకే దీనికి వేరే మర, వేరే జల్లెడ పెట్టాం. ఆ మర నెలలో చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది, దాని ఖర్చు కూడా ఈ 280లోనే ఉంది.

ఇప్పుడు మార్పులు. మొదటిది, ఇకనుంచి ఏడాదికి రెండుసార్లే ధర మారుస్తాం. ఒకసారి మైన్‌పాట్ కొత్త సరుకు చేరాక జనవరిలో, ఇంకోసారి జులైలో. పెరిగినా తగ్గినా అప్పుడే. నవరాత్రుల్లో ఒక్క రూపాయి కూడా పెంచం. రెండోది, పిండి నిల్వ ఉంచం. ఆర్డర్ వచ్చాకే ఆడిస్తాం, ప్యాకెట్ మీద ఆడించిన తేదీ ఉంటుంది. తేదీ లేని ప్యాకెట్ మా షాపులో ఇస్తే తీసుకోకండి. మూడోది, పొట్టు తీసిన గింజ కూడా అమ్ముతున్నాం, కిలో 255. ఇంట్లో మిక్సీలో రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. నన్ను అడిగితే గింజే తీసుకోమంటాను. పిండి అయితే ఫ్రిజ్‌లో పెట్టి నెలలోపు వాడేయండి.

గింజ కొత్తదో పాతదో మీరే తేల్చుకోవచ్చు, మా దగ్గరైనా ఇంకెక్కడైనా. పొట్టు తీసిన పచ్చి గింజ కొత్తదైతే లేత ఆకుపచ్చగా ఉంటుంది. పాతబడేకొద్దీ ఎర్రగా, మట్టి రంగులోకి తిరుగుతుంది. పిండి అయితే గుప్పెట్లో తీసుకుని ఊది, వాసన చూడండి. మంచి పిండికి గింజ వేయించినట్టు కమ్మటి వాసన వస్తుంది. ముక్కిపోయిన వాసన గానీ పాత నూనె వాసన గానీ వస్తే పారేయండి. బూడిద రంగు, అక్కడక్కడ నల్ల చుక్కలు ఉంటే భయపడకండి, అది పొట్టు నలక. మరీ తెల్లగా ఉంటేనే అందులో ఇంకేం కలిసిందని అడగాలి.

కొద్దిమందికి కుట్టు పడదు. దద్దుర్లు, గొంతు వాయడం, ఊపిరి ఆడకపోవడం దాకా వెళ్లొచ్చు. జపాన్‌లో ప్యాకెట్ మీద ఇది ఉందని రాయడం చట్టప్రకారం తప్పనిసరి. పిల్లలకి మొదటిసారి పెడుతుంటే కొంచెమే పెట్టి చూడండి. మా ప్యాకెట్ల మీద కూడా ఆ హెచ్చరిక పెద్ద అక్షరాలతో వేయిస్తున్నాం.

దసరా ఆర్డర్లు మహాలయ అమావాస్యకి వారం ముందు ఆపేస్తాం, ఆడించి ఆరబెట్టి ప్యాక్ చేయడానికి ఆ టైం కావాలి. పాత ధరకి ముందే డబ్బు కట్టినవాళ్లకి 240కే ఇస్తాం, తేడా అడగం. ఐదు కిలోలు పైన కావాల్సినవాళ్లు గింజా పిండా అన్నది మెసేజ్‌లో రాయండి. ఈసారి గింజ పరిమితంగానే ఉంది. అయిపోతే జనవరి సరుకు వచ్చేదాకా ఊదలు ఇస్తాం, ఉత్తరాదిలో వాటిని కూడా ఉపవాసాలకి వండుకుంటారు.