కాటా మీద అంకె రాస్తున్నారు, చూడటం లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను పదకొండేళ్లుగా హెచ్‌ఐవీ మందులు వాడుతున్నాను. వైరల్ లోడ్ టెస్టులో వైరస్ కనబడటం లేదు. కానీ మందు డోలుటెగ్రావిర్‌కి మార్చాక మూడేళ్లలో 19 కిలోలు పెరిగాను. వెళ్లిన ప్రతిసారీ నర్సు కాటా ఎక్కించి పుస్తకంలో అంకె రాస్తుంది, డాక్టరు గారు వైరల్ లోడ్ చూసి "బాగుంది, ఇలాగే వాడండి" అంటారు. నేనే అడిగితే, ఒకప్పుడు ఈ జబ్బులో ఎముకలు తేలేవి, ఒళ్లు చేస్తే సంతోషించాలి అన్నారు.

డోలుటెగ్రావిర్ మంచి మందు, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే మొదటి వరసలో పెట్టింది, బరువుకి భయపడి ఎవరూ మానకండి. అయితే అదే ఏడాది ఫలితాలు వచ్చిన దక్షిణాఫ్రికా అధ్యయనంలో ఆ మందుతో, అందులోనూ టీఏఎఫ్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందు కలిపి వాడిన ఆడవాళ్లు బాగా బరువు పెరిగారని తేలింది. అంటే ఇది తిండి మీద అదుపు లేకపోవడం ఒక్కటే కాదు.

అడిగేవాళ్లు లేక నేనే ఎవరికీ చెప్పకుండా ఆర్లిస్టాట్ అనే బరువు తగ్గే మందు కొనుక్కున్నాను. అది తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండా చేస్తుంది, దాంతో హెచ్‌ఐవీ మందు కూడా సరిగా పట్టకపోవచ్చట, వైరస్ మళ్లీ పెరిగిన కేసులున్నాయని దాని కాగితంలోనే చిన్న అక్షరాల్లో ఉంది. నేనది చదివింది నెలన్నర మింగాక. తర్వాతి రిపోర్టు వచ్చేదాకా ఆ టెన్షన్‌తో నిద్ర లేదు.

బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌కి మా మందులతో అంత పేచీ లేదు. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో హెచ్‌ఐవీతోపాటు ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకి 24 వారాల్లో లివర్ కొవ్వు 31 శాతం తగ్గింది. కండ కూడా కొంత తగ్గింది. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది, వాంతులైతే హెచ్‌ఐవీ మాత్ర కడుపులో నిలిచిందో లేదో చూసుకోవాలి. అందుకే ఈ మందు మా హెచ్‌ఐవీ డాక్టరు చేతి మీదుగానే రావాలి.

ఇంకొకటి, సన్నబడాలన్నా మాకు భయమే. "ఏంటిలా చిక్కిపోయావ్" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని పెట్టుకోవాలి. ఈ మాట వినే తీరిక కూడా క్లినిక్కులో ఉండాలి.

డాక్టరు గారూ, ఈసారి నర్సు నా బరువు రాశాక పాత పేజీ ఒకసారి తిప్పి చూడండి.

– ఒక పాఠకురాలు (పేరు ప్రచురించవద్దని మనవి)